ఇంటివైపు తిరిగిన గెలలు

ఈ సంగతిని మా దీవుల్లో, బతు బస్తీ టీ దుకాణాల్లో ఎలా చెప్పుకుంటారో నాకు తెలుసు. సముద్రంలో పోయిన మనిషి దయ్యమై తన అరటిచెట్లను పట్టుకున్నాడట. ఫెరార్గంజ్ నర్సరీ మేడమ్ వెళ్ళి, నిమ్మకాయలు కోసి, దాన్ని వదిలించిందట. ఆ మేడమ్ నేనే. బోటనీలో డిగ్రీ చేశాను. నిమ్మకాయ కోసేది పప్పులోకి, లేదంటే ఊరగాయకి. చదువుకున్నవాళ్ళు ఇంకో రకంగా చెబుతారు. ముసలామెకు మతి చలించిందనీ, నేను సైన్సు చెప్పి ఆమె కళ్ళు తెరిపించాననీ. ఇది మొదటిదానికంటే పెద్ద అబద్ధం. ఆ ఇంట్లో నా సైన్సు రెండుసార్లు ఓడిపోయింది. మొదటిసారి ఎందుకు ఓడిందో నాకు అర్థమైంది. రెండోసారిది ఇంతవరకు కాలేదు.

కోవిడ్ ఆంక్షలు పోయి, విశాఖ, చెన్నై నుంచి వచ్చే నౌకలు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలుపెట్టిన ఏడాది అది. నౌకలు లేనన్నాళ్ళు కూరలకీ పళ్ళకీ జనం అల్లాడిపోయారు. దాంతో పెరడున్న ప్రతివాళ్ళకీ అరటి నాటుకోవాలని బుద్ధి పుట్టింది. ఫెరార్గంజ్‌లో మా నర్సరీ ముందు పిలకల కోసం జనం నిలబడేవారు. అరటికీ, అనాసకీ విత్తనాలతో పని లేదు. తల్లి మొక్క పక్కన పుట్టే పిలకనే తీసి నాటుతాం. మా భాషలో సకర్ అంటాం. అందులో రెండు రకాలు. కత్తిలా సన్నటి ఆకులతో, లావుపాటి దుంపతో వచ్చేది స్వోర్డ్ సకర్. పుట్టగానే వెడల్పాటి ఆకులు వేసుకుని ముద్దుగా కనిపించేది వాటర్ సకర్. కొనేవాళ్ళంతా రెండోదాన్నే చూపించి అది కావాలంటారు. దాని దుంపలో బలం ఉండదయ్యా, అది అందం చూపించి మోసం చేసే రకం అని నేను రోజంతా గొంతు చించుకుంటాను. సంబంధాలు చూసేటప్పుడు కూడా మీరింతేనా అని అంటాను. అందుకే నాకు నోరెక్కువన్న పేరుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం గౌరి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. పిలకలు చూడలేదు, ధర అడగలేదు. గిరాకీ తగ్గేదాకా నిలబడి, నా దగ్గరికొచ్చి అడిగింది.

"దీదీ, అరటిగెల ఎటు తిరగాలో ముందే తెలుస్తాదా?"

"తెలుస్తుంది. ఎందుకూ?"

"మా పెరట్లో ఏడు చెట్లున్నాయి. ఏడు గెలలూ మా గుమ్మం వైపే తిరిగాయి. ఆప్ ఒకసారి వచ్చి మా అత్తకి చెప్పండి, అది మామూలేనని. లేకపోతే మా అత్త చచ్చిపోతాది."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక మొత్తం చెప్పింది. వాళ్ళది శ్రీకాకుళం వైపునుంచి తాతల కాలంలో వచ్చిన చేపల వేట కుటుంబం. భర్త అప్పన్న డుంగీ మీద, అంటే చిన్న ఇంజను పడవ మీద, ఒక్కడే వేటకి వెళ్ళాడు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. వెళ్ళే ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో, ఈ పిలకలు నాటాడు. అతను పోయిన చాలా నెలలకి అవి గెలలు వేశాయి. అన్నీ ఇంటికి ముఖం పెట్టాయి. అతని తల్లి పైడమ్మ అది చూసి, కొడుకు ఇంటిదారి పట్టాడని తీర్మానించేసింది. కర్మ చెయ్యనివ్వదు. గెల కొయ్యనివ్వదు. ఆడొచ్చి కోత్తాడంటుంది. రాత్రి పూట అన్నం మానేసింది. కొడుకు వచ్చాక కలిసి తింటుందట.

"పొద్దున రెండు ముద్దలు తింటాది. అంతే. చెయ్యి పట్టుకుంటే ఎముక తగుల్తాంది దీదీ. టౌన్లో, హాడో రేవు దగ్గర క్యాంటీన్ పని ఉందని మా అన్న చెప్పాడు, బతు బస్తీలో గది చూశాడు. ఈమెను ఒదిలి ఎలా పోను? ఈమె గుమ్మం ఒదిలి రాదు."

ఇది చాలా తేలికైన పనని నేను అనుకున్నాను. ఎందుకంటే దీనికి జవాబు ప్రతి తోటమాలికీ తెలుసు. పిలకను తల్లి దుంపనుంచి కోసినచోట ఒక చదునైన మచ్చ ఉంటుంది. నాటాక గెల మామూలుగా ఆ మచ్చకు ఎదురు దిక్కున వేలాడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు మచ్చలన్నీ ఒకే వైపు పెట్టి నాటుతారు. గెలలన్నీ ఒకే వైపు వస్తే కర్రల ఊతం పెట్టడం సులువు. నూటికి నూరుసార్లు జరుగుతుందని చెప్పను. వెలుతురు, వాలు, గాలి కూడా తమ వంతు లాగుతాయి. కానీ ఏడుకి ఏడూ ఒకే వైపు తిరిగాయంటే, నాటిన చెయ్యి ఒకే రకంగా నాటిందని అర్థం. దయ్యం అక్కర్లేదు.

మర్నాడు సాయంత్రం వెళ్ళాను. ఫెరార్గంజ్ దాటి సముద్రం వైపు దిగే దారిలో, మెరక మీద రేకుల ఇల్లు. ఇంటికి వెనక కొబ్బరిచెట్ల నీడ. ముందు పెరడు, దాని కింద వాలు, ఆ కింద ఒడ్డు. పెరడు అంచున అరటి వరస. సైన్సు ప్రకారం ఆ చెట్లకు వాలూ, వెలుతురూ సముద్రం వైపే ఉన్నాయి. ఆ సంగతి అప్పుడే గమనించాను. అంతగా పట్టించుకోలేదు.

ముందుగా తగిలింది వాసన. కొయ్యకుండా వదిలేసిన కర్పూర అరటి గెలలు చెట్టుమీదే పండి, పగిలి, పులిసి, కల్లు వాసన కొడుతున్నాయి. తొక్కలు నల్లగా వేలాడుతున్నాయి. గెల చివర ఎర్రటి పువ్వులు తల దించుకున్నట్టు గుమ్మానికేసి వంగి ఉన్నాయి. సముద్రపు గాలికి చీలిన ఆకులు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే, ఎవరో తడిబట్టలతో నడిచి వస్తున్న చప్పుడు. నేను ఇరవై ఏళ్ళుగా అరటితోటల్లో తిరుగుతున్న మనిషిని. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. అయినా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

పైడమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను వెళ్ళి చెట్లకూ ఆమెకూ మధ్య నిలబడ్డాను.

"అడ్డు లే అమ్మా," అంది.

లేచాను. అంటే పక్కకు జరిగాను. నన్ను ఎవరైనా పక్కకు జరగమంటే మామూలుగా కారణం అడుగుతాను.

పలుగు పట్టడానికి గౌరి పక్కింటి నూకరాజుని పిలిచింది. అప్పన్నతో కలిసి వేటకెళ్ళేవాడు. అప్పన్న పోయిన రోజు మాత్రం జ్వరంతో పడుకుని ఉండిపోయాడు. బస్తీలో దయ్యం కథను ప్రచారం చేస్తున్నది కూడా ఇతనే.

"తవ్వనంటే తవ్వను దీదీ. మజాక్ కాదు ఇది. మీరు సాయంత్రం ఎల్లిపోతారు, నేను ఈ పక్కింట్లోనే పడుకోవాల."

"నిన్ను తవ్వమనలేదు. పక్కన నిలబడు. దయ్యం వస్తే ముందు నిన్నే పట్టుకుంటుంది, నేను పారిపోవడానికి టైముంటుంది."

గౌరి నవ్వింది. తర్వాత ఎందుకు నవ్వానా అన్నట్టు అత్తవైపు చూసింది.

మచ్చ ఎటుందో చూడటానికి చెట్టు తీసెయ్యనక్కర్లేదు. మొదలు చుట్టూ మట్టి తోడి, చేత్తో తడిమితే చాలు. మొదటి చెట్టు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి పెట్టాను. పాత కోత గట్టిపడి, అరచేతిలా చదునుగా తగిలింది. సముద్రం వైపు. రెండోదానికీ అటే. మూడోదానికీ అటే. చివరి చెట్టు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు తగ్గింది. మా దీవుల్లో అయిదు దాటితే చీకటే. కళ్ళతో చూడకుండా మట్టిలో చెయ్యి పెట్టి, ఉందని తెలిసిన చోటే ఆ చదునైన మచ్చ తగిలినప్పుడు, ఎవరో చెయ్యి అందించినట్టు అనిపించింది. అదంతా నా అలసట అనుకున్నాను.

"అప్పన్న వీటిని ఎలా నాటాడో చూశావా?" అని నూకరాజుని అడిగాను.

"నేనూ ఉన్నాను గదా. ఇంకెలా, డుంగీ లాగి పెట్టినట్టే పెట్టాడు. ఒడ్డుకొచ్చిన పడవ ముక్కు ఇంటివైపు ఉంటాది, ఎనకవైపు నీళ్ళకి ఉంటాది. ఈ కోసిన చదును ఉంది చూశారా, ఇది పడవ ఎనకవైపు లాగుంది, దీన్ని నీళ్ళకి పెట్టరా అన్నాడు. ఒక్కటి వంకరగా ఉంటే మళ్ళా తీసి సరిగ్గా పెట్టాడు."

రైతు ఎవడూ అలా ఆలోచించడు. వేటగాడు మాత్రమే ఆలోచిస్తాడు. ఒడ్డుమీద ఏది పెట్టినా పడవల వరసలోనే పెట్టడం వాళ్ళ చేతికి అలవాటు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఏ చిక్కూ లేకుండా ముడి విడిపోయింది. పైడమ్మ దగ్గరికెళ్ళి, చేతులకి మట్టితోనే, అంతా వివరించాను. కోత ఎటుంటే గెల దానికి ఎదురుగా వస్తుందనీ, ఇది ఎవరూ తిప్పింది కాదనీ, నీ కొడుకే పడవ పెట్టినట్టు పెట్టాడనీ చెప్పాను.

ఆమె శ్రద్ధగా వింది. తర్వాత కోడలికేసి తిరిగింది.

"ఇన్నావేటే? సదువుకున్నమ్మ సెప్పింది. ఆడే పెట్టినాడంట. ఒడ్డుకొచ్చిన పడవలాగ పెట్టినాడంట. ఎల్లకముందే సెప్పి ఎల్లినాడు నా కొడుకు, వొత్తానని."

గౌరి నా ముఖంలోకి చూసిన చూపు ఇంకా గుర్తుంది. తాళం తీయమని పిలిస్తే వచ్చి ఇంకో తాళం వేసి వెళ్ళినదాన్ని చూసినట్టు చూసింది.

నాకు ఓడిపోవడం చేతకాదు. అక్కడే పైడమ్మతో వాదనకి దిగాను. సరే, ఇది అతను పెట్టినవాటి సంగతి. రెండో కాపు సంగతేమిటి? తల్లి చెట్టు గెల వేశాక చచ్చిపోతుంది, పక్క పిలక ఎదిగి మళ్ళీ గెల వేస్తుంది. దాన్ని రటూన్ అంటాం. ఆ పిలకలను అప్పన్న నాటలేదు. అవి ఎటు తిరగాలో అతను చెప్పలేదు.

"అవి గనక సముద్రం వైపు తిరిగితే ఏం చేస్తావు?" అన్నాను.

పైడమ్మ చెట్ల వరసకేసి చూసింది. "అయీ అటే తిరిగితే, ఆడు రాడనే. అప్పుడు మీరు ఏటి సేయమంటే అది సేత్తాను. ఇటు తిరిగితే మాత్రం నువ్వు నా గుమ్మంలోకి రాకు."

"అప్పటిదాకా రాత్రి కాస్త గంజైనా తాగాలి. పందెం కాసినవాళ్ళు బతికుండాలి కదా."

"తాగుతానులే," అంది, నామీద జాలిపడినట్టు.

గంజి నేను గెలిచాను. ఇక పందెం కూడా ఓడకుండా చూసుకున్నాను. గెలలు వేసిన చెట్లను ముట్టుకోనివ్వలేదు గానీ, పిలకలు తీయడానికి ఒప్పుకుంది. చుట్టూ మూగిన పిలకల్లో ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యడాన్ని డీసకరింగ్ అంటాం. నేను ఇంటివైపు పుట్టిన పిలకలన్నీ తవ్వి తీసేశాను. ప్రతి చెట్టుకూ సముద్రం వైపు పుట్టిన ఒక స్వోర్డ్ సకర్‌ను మాత్రమే ఉంచాను. అలాంటి పిలకకు తల్లి దుంప ఇంటివైపు ఉంటుంది. అంటే గెల సముద్రం వైపు రావాలి. వాలు అటే, వెలుతురు అటే. మోసం అంటే అనండి. ఒక ముసలామె కడుపు ఎండిపోతుంటే, ఒక పడుచుపిల్ల ఆమెతోపాటు గుమ్మానికి కట్టుబడి ఉంటే, నాకు తెలిసిన విద్యను ఎటు వంచాలో అటు వంచాను. మళ్ళీ అవసరమొస్తే మళ్ళీ వంచుతాను.

గౌరి పలుగు అందిస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "పక్కా అటే తిరుగుతాయి కదా దీదీ?"

"తిరక్కపోతే నా పేరు మార్చుకుంటాను."

పైడమ్మ గుమ్మంలోంచి మమ్మల్నే చూస్తోంది. అంత దూరం ఏం కనిపిస్తుందిలే అనుకున్నాను.

ఆ వానలూ, ఆ తర్వాతి ఎండలూ గడిచాయి. మధ్యలో రెండుసార్లు వెళ్ళి చూశాను. పాత గెలలు రాలిపోయాయి. గబ్బిలాలు తినగలిగినంత తిన్నాయి. కొత్త కాండాలు నేను అనుకున్నట్టే సముద్రం వైపు కొద్దిగా వాలి పెరుగుతున్నాయి. గౌరికి చూపించాను. ఆమె వాళ్ళ అన్నతో గది సంగతి మళ్ళీ మాట్లాడింది. పైడమ్మ నేను వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోనే ఉండేది. గంజి మాత్రం తాగుతోందని గౌరి చెప్పింది.

ఒకరోజు పొద్దున గౌరి ఫోన్ చేసింది. "రండి దీదీ," అంది. ఎటు తిరిగాయని అడిగితే, "రండి," అంది మళ్ళీ.

దిగువ మలుపు దగ్గరే నూకరాజు ఎదురయ్యాడు. "కొత్త పేరేటి దీదీ?" అన్నాడు. నేనన్న మాట గౌరి చెప్పినట్టుంది. కానీ నవ్వలేదు. నా వెంట పెరడు అంచుదాకా వచ్చి, అక్కడ ఆగిపోయాడు.

ఏడు కాండాలూ సముద్రం వైపే వాలి ఉన్నాయి, నేను పెంచినట్టే. ఏడు గెల కాడలూ పైన ఆకుల్లోంచి బయటికొచ్చి, వాలుకు ఎదురు వంగి, ఇంటివైపు దిగాయి. మనిషి అటు నడుస్తూ మెడ తిప్పి ఇటు చూస్తే ఎలా ఉంటుందో అలా. గాలి లేదు. ఒక్క ఆకు కదలడం లేదు. గెలల్లో కాయలు ఇంకా పచ్చిగా, నిండుగా ఉన్నాయి. ఎర్రటి పువ్వులు గుమ్మం ఎత్తుకు సరిగ్గా వేలాడుతున్నాయి.

నేను ప్రతి కాడనూ చూశాను. తాడు కట్టి లాగితే ఒరుసుకున్న గీత పడుతుంది. ఎక్కడా గీత లేదు. లేత కాడను చేత్తో వంచితే నల్లగా కమిలిన గుర్తు కనిపిస్తుంది. అదీ లేదు. నూకరాజుని నిలదీశాను. పిల్లలమీద ఒట్టేసుకున్నాడు. నిచ్చెన గుర్తుల కోసం నేల వెతికాను. మొదళ్ళ దగ్గర మళ్ళీ మట్టి తీసి, దుంపలు ఎటు కలిశాయో చేత్తో తడిమి చూశాను. నేను ఉంచిన పిలకలే, నేను ఉంచిన వైపే. ఒకటో రెండో లెక్క తప్పడం నా నర్సరీలోనే చూశాను. ఏడూ తప్పడం నేను చూడలేదు. అక్కడ నిలబడి ఉంటే, ఏడుగురు మనుషులు నా వెనక నిలబడి నా భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టుంది. ఈ మాట రాయడానికి నాకు ఇష్టం లేదు. కానీ అలాగే ఉంది.

ఓడిపోయాను కాబట్టి గుమ్మంలోకి వెళ్ళకూడదు. పెరట్లోనే నిలబడ్డాను. గౌరి వసారా స్తంభానికి ఆనుకుని ఉంది. ఆమె ఏడవడం కూడా మానేసింది.

"ముఖం అలగెట్టినావేటమ్మా?" అంది పైడమ్మ.

"నువ్వు గెలిచావు."

"ఇందులో గెలుపేటుంది? ఇటు రా. ఒచ్చి కూకో."

వెళ్ళి మెట్టుమీద కూర్చున్నాను.

"నువ్వు ఇటేపు పిలకలు పీకేసి అటేపువి ఉంచినావు. నాను సూడలేదనుకున్నావేటి? ఆడు మొదట పెట్టినయ్యి ఇటు తిరిగినాయంటే, అది ఆడు ఎల్లకముందు సెప్పిన మాట. వొత్తానన్నాడు. వొచ్చినాడో లేదో నాకెలా తెలుస్తాది? నువ్వు అటు పెట్టినావు. అటు పెట్టినా ఇటే వొచ్చినాడు. అంటే వొచ్చేసినాడు."

నాకు అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది. స్తంభం వదిలి ముందుకొచ్చింది.

"నీళ్ళలో ఉన్నోడికి కర్మ సేసి పంపించెయ్యమంటే ఎలా పంపుతాను? ఇంటికి రాకముందే పొమ్మంటానేటి నా కొడుకుని? ఇంటికొచ్చినాడు. ఇప్పుడు పెడతాను. పెట్టి పంపుతాను." కొంగుతో ముఖం తుడుచుకుని, మామూలు గొంతుతో అంది. "గౌరీ, కత్తి తే. కాయ ముదరకముందే కొయ్యాల. కూరకి బాగుంటాది. ఆడికి పచ్చరటికాయ ఇట్టం."

మొదటి గెలను ఆమే కోసింది. బరువు నేను పట్టుకున్నాను. కోసినచోటనుంచి పాలు కారి నా మోచేతిదాకా వచ్చాయి. అరటి జిగురు బట్టకి అంటితే వదలదు. ఆ చీర ఇప్పటికీ ఉంది.

ఆ వారంలోనే ఒడ్డున కర్మ జరిగింది. నూకరాజు దగ్గరుండి అన్నీ చూసుకున్నాడు. పొద్దు వాలాక అందరికీ ఆకులు వేశారు. పైడమ్మ నా పక్కనే కూర్చుని, అరటికాయ కూరతో అన్నం తింది. గౌరి తినకుండా ఆమె తినే ప్రతి ముద్దనూ చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఇద్దరూ బతు బస్తీ గదికి మారిపోయారు. గౌరి హాడో క్యాంటీన్‌లో పని చేస్తోంది. పైడమ్మ కింద దుకాణంవాడితో రోజూ కూరల ధర గురించి గొడవ పడుతోందట. ఆరోగ్యంగా ఉందన్నమాట.

ఈ వృత్తిలో నాకు ఒక గర్వం ఉండేది. ఏదైనా ఎందుకు జరిగిందో చెబితే, ఎదుటివాళ్ళు దాన్ని వదిలేస్తారని అనుకునేదాన్ని. పైడమ్మ దగ్గర తెలిసింది, కారణం చెప్పడం వేరు, దాంతో వాళ్ళు ఏం చేసుకుంటారన్నది వేరు. ఇప్పుడు ఎవరైనా పిలకతో పాటు ప్రశ్న పట్టుకొస్తే, ముందు ఇది తెలుసుకుని మీరేం చేస్తారని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

కానీ నా చదువు నన్ను ఊరుకోనివ్వలేదు. మూడో కాపు వేళకి ఆ ఖాళీ ఇంటికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఈసారి పిలకలను ఎవరూ ఎంచలేదు. ఎవరూ తీయలేదు. గెలలు వచ్చాయి. ఒక్కోటి తన తల్లి దుంపకు ఎదురు దిక్కున, పుస్తకంలో బొమ్మ వేసినట్టు, ఇష్టమొచ్చిన వైపు వేలాడుతోంది. రెండు సముద్రం వైపు, ఒకటి దారివైపు, మిగతావి ఎటో. గుమ్మానికి తాళం ఉంది. ప్రతి దుంపనూ తడిమి చూశాను. ఒక్కటీ లెక్క తప్పలేదు.

అదే నేల, అదే వాలు, అదే వెలుతురు, అవే దుంపలు. మూడో కాపు నేను చదువుకున్న మాట విన్నది. రెండో కాపు ఎవరి మాట విన్నది?